సీనియారిటీ నంబరు విలువ ఎక్కడ తేలుతుంది: అమెరికా ఎయిర్‌లైన్స్‌లో ర్యాంప్ కార్మికుల లెక్కలు

అమెరికా ఎయిర్‌లైన్స్‌లో ర్యాంప్ మీద, అంటే విమానాలు ఆగి సామాను ఎక్కించి దించే చోట, పనిచేసేవాళ్ళ మధ్య ఏ గొడవ మొదలైనా చివరికి ఒక తేదీ దగ్గరికే వస్తుంది: ఉద్యోగంలో చేరిన తేదీ. ఆ తేదీల వరసలో వేసిన జాబితాలో మన స్థానమే సీనియారిటీ నంబరు. ఆదివారం సెలవు ఎవరికి, తెల్లవారుజాము నాలుగున్నర షిఫ్టు ఎవరికి, మంచు కురిసే రోజు బయట విమానం కింద నిలబడేది ఎవరు, లోపల బ్యాగ్ రూమ్‌లో ఉండేది ఎవరు, క్రిస్మస్ వారంలో వెకేషన్ ఎవరికి, కంపెనీ మనుషుల్ని తగ్గిస్తే ముందు ఇంటికి పోయేది ఎవరు, ఇవన్నీ ఆ తేదీయే తేలుస్తుంది. బయటివాళ్ళకి ఇది వింతగా కనిపిస్తుంది. బాగా పనిచేసేవాడికి మంచి షిఫ్టు ఇవ్వాలి గానీ ముందొచ్చినవాడికి ఇవ్వడమేంటి అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కానీ ఈ పద్ధతిని తిట్టేవాళ్ళూ వెనకేసుకొచ్చేవాళ్ళూ ఇద్దరూ నంబరు గురించే మాట్లాడి, ఆ నంబరు ఏ జాబితాలో ఉంది, ఆ జాబితాకి సరిహద్దు ఎవరు గీశారు అన్నది వదిలేస్తారు. అసలు లెక్కంతా ఆ సరిహద్దు దగ్గరే తేలుతుంది.

ముందు, ర్యాంప్ మీద ఈ తేదీకి ఇంత బలం ఎందుకొచ్చిందో చూద్దాం. నలుగురైదుగురు కలిసి ఒక విమానాన్ని ఖాళీ చేసి, మళ్ళీ నింపి, వెనక్కి నెట్టి పంపిస్తారు. అందులో ఎవరు ఎంత బాగా చేశారన్నది విడదీసి కొలిచే సాధనం ఏదీ లేదు. కాబట్టి 'బాగా పనిచేసేవాడికి' అని రాస్తే ఆచరణలో దాని అర్థం 'సూపర్‌వైజర్‌కి నచ్చినవాడికి' అనే. ఇంకో కారణం జనం ఎక్కువగా పట్టించుకోరు. విమానం మెకానిక్‌కి ఏ అండ్ పీ లైసెన్సు ఉంటుంది, అది ప్రభుత్వం ఇచ్చింది, కంపెనీ మారితే అతనితో పాటే వస్తుంది. బెల్ట్ లోడర్ (సామాను ఎక్కించే బండి) నడిపేవాడికి, టగ్ (లాగే, నెట్టే బండి) నడిపేవాడికి, రెక్క పక్కన నిలబడి విమానానికి దారి చూపించేవాడికి అలాంటి లైసెన్సు ఏమీ లేదు. ఇరవై ఏళ్ళు చేసినా పక్క ఎయిర్‌లైన్‌కి వెళ్తే మొదటి మెట్టు జీతం, జాబితాలో ఆఖరి స్థానం. ఇన్నేళ్ళ నడుం నొప్పికి ప్రతిగా అతని దగ్గర మిగిలింది ఆ తేదీ ఒక్కటే. ఆ ఆస్తిని ఎవరైనా కదిలిస్తే కోపం రావడంలో ఆశ్చర్యం లేదు.

బిడ్, అంటే షిఫ్టులు ఎంచుకోవడం, ఎలా జరుగుతుందో దగ్గర నుంచి చూస్తే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. ఏడాదిలో కొన్నిసార్లు, విమానాల షెడ్యూలు మారినప్పుడల్లా, స్టేషన్‌లో, అంటే ఆ ఊరి విమానాశ్రయంలో, కొత్త బిడ్ వేస్తారు. అందులో లైన్లు ఉంటాయి, ఒక్కో లైనుకి షిఫ్టు మొదలయ్యే టైము, సెలవు రోజులు, పనిచేసే చోటు రాసి ఉంటాయి. గేట్ల దగ్గర లోడింగ్, బ్యాగ్ రూమ్, కనెక్టింగ్ బ్యాగులు ఒక విమానం నుంచి ఇంకో విమానానికి పరుగెత్తించడం, కార్గో, చలికాలంలో డీఐసింగ్ (విమానం మీది మంచు తొలగించడం). జాబితాలో మొదటివాడు ముందు ఎంచుకుంటాడు, తర్వాత రెండోవాడు, అలా కిందకి. ఒక స్టేషన్‌లో మూడొందల మంది ఉన్నారనుకుందాం, మన మనిషి నంబరు రెండొందల పది. అతని వంతు వచ్చేసరికి శని ఆదివారాలు సెలవున్న లైన్లు ఎప్పుడో అయిపోయి ఉంటాయి, శుక్ర శని కూడా ఉండవు. మిగిలింది మంగళ బుధ సెలవుతో మధ్యాహ్నం షిఫ్టు, లేకపోతే ఆది సోమ సెలవుతో రాత్రి షిఫ్టు. పిల్లలు స్కూల్ నుంచి వచ్చే టైముకి ఇంట్లో ఉండాలా, వారంలో ఒక్క ఆదివారమైనా దక్కించుకోవాలా? బిడ్ రోజున ర్యాంప్ మీద ఉండే టెన్షన్ అంతా ఇలాంటి లెక్కలదే. పైన ఉన్నవాళ్ళలో పాతికమంది రిటైరైతే అతని నంబరు నూట ఎనభై ఐదు అవుతుంది. అతను ఏమీ చేయకుండానే జీవితం కొంచెం తేలికవుతుంది. అదే పక్క ఊరి స్టేషన్ మూసేసి అక్కడి పాతవాళ్ళు నలభై మంది ఇక్కడికి వస్తే, అంతే ఏమీ చేయకుండానే మళ్ళీ రాత్రి షిఫ్టులోకి పోతాడు.

ఒకే రోజు చేరిన బ్యాచ్ సంగతి? వాళ్ళలో వాళ్ళకి వరస పెట్టడానికి చాలా ఒప్పందాల్లో పుట్టినతేదీనో సోషల్ సెక్యూరిటీ నంబరులో చివరి అంకెలనో వాడతారు. ఆ అంకెలే ముప్పై ఏళ్ళ పాటు ఇద్దరు స్నేహితుల్లో ఎవరికి ముందు వెకేషన్ దొరకాలో నిర్ణయిస్తాయి.

కొత్తగా చేరినవాళ్ళు సాధారణంగా తికమకపడేది ఇక్కడ: ఒకే మనిషికి ఒక్క తేదీ కాదు, రెండు మూడు తేదీలుంటాయి. కంపెనీలో చేరిన తేదీ ఒకటి, ఇప్పుడు చేస్తున్న పని విభాగంలోకి వచ్చిన తేదీ ఇంకొకటి. వెకేషన్ ఎన్ని వారాలు, ఉచిత ప్రయాణంలో ఎక్కడ నిలబడతాం లాంటివి ఎక్కువగా మొదటిదాని మీద నడుస్తాయి. బిడ్‌లు, లేఆఫ్‌లు రెండోదాని మీద నడుస్తాయి. పదేళ్ళు టికెట్ కౌంటర్‌లో పనిచేసిన మనిషి ర్యాంప్‌కి మారితే వెకేషన్ విషయంలో పాతకాపే, షిఫ్టు విషయంలో మాత్రం నిన్న చేరిన కుర్రాడి పక్కన నిలబడాలి. పార్ట్ టైమ్ నుంచి ఫుల్ టైమ్‌కి మారినప్పుడు పాత కాలాన్ని ఎలా లెక్కిస్తారన్నది కూడా ఒప్పందాన్ని బట్టి మారుతుంది. బదిలీ అడిగే ముందు ఆ పేజీ చదవకపోతే తర్వాత ఎంత మొత్తుకున్నా లాభం ఉండదు.

జీతం విషయంలో సీనియారిటీ పని త్వరగానే అయిపోతుందన్నది కూడా చాలామందికి తట్టదు. జీతాల స్కేలు మెట్లు మెట్లుగా పెరిగి, చాలా కంపెనీల్లో పదేళ్ళకి కొంచెం అటూఇటూగా పై మెట్టుకి చేరుతుంది. అక్కడితో ఆగిపోతుంది. పన్నెండేళ్ళ సర్వీసున్న మనిషికీ ముప్పై రెండేళ్ళ సర్వీసున్న మనిషికీ గంటకి ఒకే రేటు. మరి ఆ మిగతా ఇరవై ఏళ్ళు దేనికి పనికొచ్చాయి? టైముకి. ఏ రోజు ఇంట్లో ఉండాలో, ఏ వారం పిల్లల దగ్గరికి వెళ్ళాలో నిర్ణయించుకునే హక్కుకి. అందుకే జీతాల పెంపు బాగానే ఉన్న ఒప్పందాన్ని కూడా సీనియర్లు ఓటేసి తిప్పికొట్టే సందర్భాలు వస్తాయి. షిఫ్టు నియమాల్లో ఒక్క వాక్యం మారితే వాళ్ళు పోగొట్టుకునేది డాలర్లలో కనబడదు.

ఓవర్‌టైమ్‌లో ఈ నిచ్చెన రెండు వైపులా పనిచేస్తుంది. ఇష్టపడి చేసే ఓవర్‌టైమ్‌ని కొన్నిచోట్ల సీనియారిటీ వరసలో, కొన్నిచోట్ల ఇప్పటిదాకా తక్కువ గంటలు చేసినవాళ్ళకి ముందు ఇస్తారు. ఎవరూ ముందుకి రాకపోతే బలవంతపు ఓవర్‌టైమ్ కింద నుంచి మొదలవుతుంది. తుఫాను రోజు విమానాలన్నీ ఆలస్యమై రాత్రి పదకొండుకి అందరూ అలసిపోయి ఉన్నప్పుడు 'నువ్వు ఉండాలి' అని మొదట వినేది ఆఖర్న చేరినవాడే. దీనికి ర్యాంప్ తనకి తాను కనిపెట్టుకున్న మందు షిఫ్టుల మార్పిడి. నా శనివారం నువ్వు చెయ్యి, నీ బుధవారం నేను చేస్తా. జూనియర్లు కాస్త ఊపిరి పీల్చుకునేది దీనివల్లే. కొందరు సీనియర్లు మంచి లైను బిడ్ చేసి సగం రోజులు ఇంకొకరికి ఇచ్చేస్తారు, ఆ గంటలు కావాల్సిన కుర్రాళ్ళు తీసుకుంటారు, ఇద్దరికీ బాగానే ఉంటుంది. కంపెనీలు అప్పుడప్పుడూ దీనికి పరిమితి పెట్టాలని చూస్తాయి. చూడ్డానికి చిన్న అంశమే గానీ, ఈ మార్పిడికి కత్తెర వేస్తే అడుగున ఉన్నవాళ్ళ జీవితం మీద పడే దెబ్బ, అర డాలరు పెంపు తగ్గించినదానికంటే పెద్దది.

సీనియారిటీ ఎంత గట్టి గోడో చెప్పడానికి సుప్రీంకోర్టు దాకా వెళ్ళిన రెండు కేసులున్నాయి. రెండూ ఎయిర్‌లైన్ నేల మీది పనివాళ్ళవే. మొదటిది 1977 నాటి హార్డిసన్ కేసు. కాన్సాస్ సిటీలో టీడబ్ల్యూఏ అనే ఎయిర్‌లైన్ మెయింటెనెన్స్ బేస్, అందులో విడిభాగాల స్టోర్ ఏడాది పొడుగునా ఇరవై నాలుగు గంటలూ నడిచేది. అక్కడి క్లర్కు హార్డిసన్ మత విశ్వాసం ప్రకారం శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం సూర్యాస్తమయం దాకా పనిచేయకూడదు. పాత బిల్డింగ్‌లో ఉన్నంతకాలం అతని సీనియారిటీ సరిపోయి శనివారాలు తప్పించుకోగలిగాడు. పగటి షిఫ్టు కోసం ఇంకో బిల్డింగ్‌కి మారాడు. ఆ బిల్డింగ్ జాబితా వేరు, అందులో అతను అడుగు నుంచి రెండోవాడు. ఒకరు వెకేషన్‌కి వెళ్ళేసరికి శనివారం డ్యూటీ అతని మీద పడింది. ఒప్పందంలోని సీనియారిటీ నియమాన్ని పక్కన పెట్టడానికి యూనియన్ ఒప్పుకోలేదు, ఖర్చు పెట్టి వేరే మనిషిని పెట్టడానికి కంపెనీ ఒప్పుకోలేదు, ఉద్యోగం పోయింది. ఒకరి మత అవసరం కోసం మిగతావాళ్ళ సీనియారిటీ హక్కు లాక్కోవాల్సిన పని లేదని కోర్టు 7-2తో తేల్చింది. కంపెనీకి ఏ కాస్త ఖర్చు అయినా సర్దుబాటు చేయక్కర్లేదన్న ఆ తీర్పులోని మాటని 2023లో ఒక తపాలా ఉద్యోగి కేసులో కోర్టు ఏకగ్రీవంగా బిగించింది, ఇప్పుడు కంపెనీ గణనీయమైన భారం చూపించాలి. ఒప్పందంలో ఉన్న సీనియారిటీ హక్కుల గురించి చెప్పిన భాగాన్ని మాత్రం కదపలేదు.

రెండోది 2002 నాటి బార్నెట్ కేసు. శాన్‌ఫ్రాన్సిస్కోలో యూఎస్ ఎయిర్‌వేస్‌లో కార్గో మోసే బార్నెట్‌కి 1990లో వెన్ను దెబ్బతింది, సీనియారిటీ వాడుకుని తేలిక పని ఉన్న మెయిల్ రూమ్‌కి మారాడు. రెండేళ్ళకి ఆ ఉద్యోగం బిడ్‌కి వచ్చింది, అతని కంటే సీనియర్లు దాన్ని కోరుకున్నారు. వికలాంగుల చట్టం కింద నన్ను ఇక్కడే ఉంచండి అన్నాడు. కోర్టు 5-4తో, మామూలుగా సీనియారిటీయే గెలుస్తుంది, ప్రత్యేక పరిస్థితులు ఉన్నాయని ఉద్యోగి చూపిస్తే తప్ప అంది. ఈ కేసు చదువుతుంటే మనసు ఎటూ తేల్చుకోలేదు, తేల్చుకోకపోవడమే సరైనదేమో కూడా. మెయిల్ రూమ్ కోసం ఇరవై ఏళ్ళు ఎదురుచూసిన ఇంకో మనిషి వెన్ను కూడా అరిగిపోయే ఉంటుంది కదా! ఇందులో తప్పక గమనించాల్సింది ఇంకొకటుంది. అక్కడి సీనియారిటీ పద్ధతి యూనియన్ ఒప్పందంలోది కాదు, కంపెనీ తనంతట తాను పెట్టుకున్నది. ప్రత్యేక పరిస్థితులకి కోర్టు ఇచ్చిన ఉదాహరణల్లో ఒకటి అదే: కంపెనీ తనకి నచ్చినప్పుడల్లా నియమాలు మార్చుకుంటూ ఉంటే, ఉద్యోగులు ఆ జాబితా మీద పెట్టుకున్న నమ్మకానికి అంత బరువు ఉండదు. ఒప్పందంలో రాసి ఉన్న తేదీకీ, కంపెనీ పాలసీ పుస్తకంలో ఉన్న తేదీకీ తేడా ఇదే.

యూనియన్ రాసిందంతా న్యాయం అనుకోవడం కూడా తప్పు. 1944లో స్టీల్ అనే ఉద్యోగి కేసు ఉంది, రైల్వేలది. నల్లజాతి ఫైర్‌మెన్‌ని (ఇంజిన్ బాయిలర్ మంట చూసుకునేవాళ్ళని) సభ్యులుగా చేర్చుకోని యూనియన్, వాళ్ళ తరఫున కూడా సంతకం పెట్టే అధికారంతో, వాళ్ళని మంచి ఉద్యోగాల నుంచి తోసేసే ఒప్పందం చేసుకుంది. ఏళ్ళ సర్వీసున్న మనిషి స్థానంలో అతని కంటే జూనియర్లైన తెల్లవాళ్ళు కూర్చున్నారు. ఒక పనివర్గం మొత్తానికి ప్రతినిధివైతే అందులో అందరినీ సమానంగా చూడాల్సిందే అని సుప్రీంకోర్టు చెప్పింది ఆ కేసులోనే. ఇవాళ ర్యాంప్ కార్మికుడు తన గ్రీవెన్స్‌ని, అంటే కంపెనీ మీద పెట్టిన ఫిర్యాదుని, యూనియన్ పక్షపాతంతో తొక్కిపెట్టిందని కోర్టుకి వెళ్ళగలుగుతున్నాడంటే దాని పునాది అక్కడుంది.

రైల్వే కేసు ఎయిర్‌లైన్‌కి ఎలా వర్తిస్తుందంటే, రెండింటికీ ఒకే చట్టం. 1926 నాటి రైల్వే లేబర్ యాక్ట్‌ని 1936లో విమానయానానికి విస్తరించారు. మిగతా ప్రైవేటు పరిశ్రమలకి ఉన్న కార్మిక చట్టం ఇక్కడ నడవదు. ఈ చట్టం కింద ఒప్పందానికి గడువు తీరిపోవడం ఉండదు, సవరించుకోవడానికి వీలయ్యే తేదీ మాత్రమే ఉంటుంది. ఆ తేదీ దాటి రెండేళ్ళైనా మూడేళ్ళైనా పాత ఒప్పందమే నడుస్తుంది. చర్చలు ఎటూ సాగకపోతే నేషనల్ మీడియేషన్ బోర్డు మధ్యవర్తిత్వం చేస్తుంది, బోర్డు వదిలితేనే 30 రోజుల కూలింగ్ ఆఫ్, ఆ తర్వాతే సమ్మె. అంతదాకా వెళ్ళిన ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ మెషినిస్టుల సమ్మె 1989 మార్చిలో మొదలైంది, కంపెనీ 1991 జనవరిలో మూతపడింది. అందుకే ఇక్కడ సమ్మె మాట అంత తేలిగ్గా ఎవరూ అనరు. రోజువారీ తగాదాలకి, అంటే నా బిడ్ దాటవేశారు, నా కంటే జూనియర్‌కి ఓవర్‌టైమ్ ఇచ్చారు లాంటివాటికి, సమ్మె దారే లేదు. ముందు చెప్పిన పని చేసి తర్వాత గ్రీవెన్స్ పెట్టాలి, అది మెట్లెక్కుతూ సిస్టమ్ బోర్డు (కంపెనీ, యూనియన్ తగాదాలు తేల్చే బోర్డు) దాకా వెళ్తుంది. ఆరు నెలలో ఏడాదో తర్వాత గెలిస్తే పోయిన ఓవర్‌టైమ్ డబ్బు రావచ్చు. పోయిన ఆదివారం రాదు. గ్రీవెన్స్ పెట్టడానికి రోజుల గడువు ఉంటుంది, ఏం జరిగిందో ఆ రోజే టైముతో సహా రాసి పెట్టుకున్నవాళ్ళే ఎక్కువగా నెగ్గుతారు.

ఇప్పుడు సరిహద్దు సంగతి. ఇంత గట్టి గోడ కూడా దాని లోపల పని ఉన్నంతవరకే. ఒప్పందంలో స్కోప్ అని ఒక భాగం ఉంటుంది: ఏ స్టేషన్లలో, ఏ పనులు కంపెనీ సొంత ఉద్యోగులే చేయాలి, ఏవి బయటి కాంట్రాక్టర్‌కి ఇవ్వొచ్చు అన్నది అందులో రాసి ఉంటుంది. చదవడానికి విసుగుపుట్టించే పేజీలు, అందరూ జీతాల పట్టిక చూసి వీటిని దాటేస్తారు. 2005 మే నెలలో అలాస్కా ఎయిర్‌లైన్స్ సియాటెల్‌లో తన ర్యాంప్ పనిని కాంట్రాక్టర్‌కి అప్పగించింది. దాదాపు 470 మంది యూనియన్ కార్మికుల ఉద్యోగాలు పోయాయి. ఆ జాబితాలో ఒకటో నంబరు మనిషికీ ఆఖరి నంబరు మనిషికీ ఆ రోజు తేడా లేదు. జాబితా ఉంది, దాని కింద పని లేదు.

అదే ఏడాది డిసెంబరు 26న సియాటెల్ నుంచి బర్‌బ్యాంక్ బయల్దేరిన అలాస్కా విమానం ఒకటి గాల్లో ఉండగా పక్కన అడుగు పొడవు చిల్లు పడి క్యాబిన్‌లో ఒత్తిడి పడిపోయింది. విమానం క్షేమంగా వెనక్కి దిగింది. నేల మీద ఉండగా కాంట్రాక్టర్ ఉద్యోగి నడిపిన బండి తగిలి రేకు సొట్టపడింది, ఆ సంగతి అతను వెంటనే చెప్పలేదు. ఒక్క ఘటన పట్టుకుని కాంట్రాక్టర్ల దగ్గర పనిచేసేవాళ్ళందరినీ తప్పుబట్టడం అన్యాయం. అలాంటి తప్పు పాతికేళ్ళ సర్వీసున్న మనిషి చేతిలోనూ జరగొచ్చు. కానీ 'నేను గుద్దేశాను, విమానం ఆపండి' అని చెప్పడానికి ధైర్యం కావాలి. చెప్పినందుకు విచారణ లేకుండా పంపించేయరన్న నమ్మకం ఉన్నచోట ఆ ధైర్యం ఎక్కువ ఉంటుంది. ఆ నమ్మకాన్ని ఇచ్చే క్రమశిక్షణ నియమాలు కూడా సీనియారిటీ పక్క పేజీల్లోనే ఉంటాయి. ఇక జీతాల వైపు చూస్తే, 2013 నవంబరులో అదే విమానాశ్రయం ఉన్న సీటాక్ ఊరి ఓటర్లు గంటకి 15 డాలర్ల కనీస వేతనానికి ఓటేశారు. ఆ చట్టం విమానాశ్రయంలో పనిచేసేవాళ్ళకీ వర్తిస్తుందని 2015లో రాష్ట్ర సుప్రీంకోర్టు చెప్పింది. ఒప్పందంలో పోగొట్టుకున్నదాన్ని బ్యాలెట్ ద్వారా కొంతైనా వెనక్కి తెచ్చుకోవాల్సి వచ్చింది.

స్టేషన్ మూతపడ్డా, విమానాలు తగ్గినా మొదలయ్యేది బంపింగ్. చిన్న ఊళ్ళో పద్దెనిమిదేళ్ళు చేసిన మనిషి ఉద్యోగం పోతే, తన సీనియారిటీతో పెద్ద హబ్‌లో (ఎయిర్‌లైన్ ప్రధాన విమానాశ్రయంలో) జూనియర్ స్థానం తీసుకోవచ్చు. ఆ జూనియర్ ఇంకో స్టేషన్‌లో తన కంటే జూనియర్‌ని కదిలిస్తాడు, లేదా ఫర్లోలోకి, అంటే మళ్ళీ పిలిచేదాకా జీతం లేని లేఆఫ్‌లోకి, వెళ్తాడు. కాగితం మీద హక్కు బాగుంది. కానీ ఇల్లు అమ్ముకుని, భార్య ఉద్యోగం మాన్పించి, పిల్లల స్కూలు మార్చి వెయ్యి మైళ్ళు వెళ్ళగలిగితేనే ఆ హక్కు. చాలామంది వెళ్ళలేరు, ఫర్లో తీసుకుని రీకాల్ (వెనక్కి పిలుపు) కోసం చూస్తారు. రీకాల్ హక్కు ఎన్నేళ్ళుంటుంది, ఎన్నో పిలుపుకి రాకపోతే పోతుంది అన్నవి కూడా ఒప్పందంలోనే ఉంటాయి. 2020లో ఇది దేశమంతా ఒకేసారి కనబడింది. కోవిడ్ సాయంగా మార్చిలో వచ్చిన కేర్స్ చట్టం జీతాలకి డబ్బిచ్చి సెప్టెంబరు 30 దాకా బలవంతపు ఫర్లోలు ఆపింది. అక్టోబరు 1న అమెరికన్, యునైటెడ్ ఎయిర్‌లైన్స్ కలిపి దాదాపు 32,000 మందిని ఫర్లో చేశాయి, డిసెంబరులో మళ్ళీ సాయం రావడంతో వెనక్కి పిలిచాయి. ఈలోగా ప్యాకేజీ తీసుకుని వెళ్ళిపోయిన సీనియర్ల వల్ల, మిగిలినవాళ్ళ నంబర్లు మామూలుగా ఏళ్ళు పట్టే దూరాన్ని కొన్ని నెలల్లో దాటాయి.

కంపెనీలు కలిసిపోయినప్పుడు రెండు జాబితాల్ని ఒకటి చేయాలి, అక్కడ పుట్టే చేదు ఒక తరం దాకా పోదు. 2001లో అమెరికన్ టీడబ్ల్యూఏని కొన్నాక టీడబ్ల్యూఏ ఫ్లైట్ అటెండెంట్లని మొత్తంగా అమెరికన్ జాబితా అడుగున పెట్టారు. ముప్పై ఏళ్ళ సర్వీసున్నవాళ్ళు నిన్నటి రిక్రూట్ కింద చేరారు, తర్వాతి కోతల్లో ముందు వాళ్ళే పోయారు. ఆ అన్యాయం చూశాకే 2007లో మెక్‌కాస్కిల్ బాండ్ సవరణ వచ్చింది, జాబితాలు న్యాయంగా, సమంజసంగా కలపాలని, కుదరకపోతే ఆర్బిట్రేషన్‌కి (తటస్థ వ్యక్తి తీర్పుకి) వెళ్ళాలని. చట్టం వచ్చినా కలపడం నెమ్మదే. అమెరికన్, యూఎస్ ఎయిర్‌వేస్ 2013 డిసెంబరులో ఒకటయ్యాయి, ర్యాంప్ వాళ్ళ ఉమ్మడి ఒప్పందానికి 2020 మార్చి దాకా పట్టింది. అక్కడ రెండు యూనియన్లు, ట్రాన్స్‌పోర్ట్ వర్కర్స్, మెషినిస్ట్స్, కలిసి ఒక అసోసియేషన్‌గా బేరమాడాల్సి వచ్చింది.

బెనిఫిట్స్‌లో అందరూ మురిసిపోయేది ఫ్లైట్ బెనిఫిట్. ఖాళీ సీటు ఉంటే స్టాండ్‌బైలో ఉచితంగానో నామమాత్రపు ఖర్చుతోనో వెళ్ళడం. కొన్ని ఎయిర్‌లైన్స్‌లో ఆ వరస కంపెనీ సీనియారిటీ ప్రకారం, కొన్నిట్లో ముందు చెక్ ఇన్ చేసినవాళ్ళకి. ఇది మంచిదే గానీ విమానాలు కిక్కిరిసి పోతున్న రోజుల్లో నలుగురున్న కుటుంబం సెలవుల్లో కదలడం కష్టం. దీన్ని జీతంలో భాగంగా లెక్కవేసుకుని ఉద్యోగంలో చేరడం మంచిది కాదు. పెన్షన్ దీనికి పూర్తిగా వేరే కథ. యునైటెడ్ 2002 డిసెంబరులో దివాలా రక్షణ కోరింది. 2005లో తన పెన్షన్ పథకాలని ప్రభుత్వ హామీ సంస్థకి వదిలేసింది. 980 కోట్ల డాలర్ల లోటులో ఆ సంస్థ 660 కోట్ల దాకా భరించింది, మిగతాది ఉద్యోగులు, రిటైరైనవాళ్ళు పోగొట్టుకున్నారు. దివాలా కోర్టు ఒప్పందాల్ని తిరగరాయించగలదు. ఆ దశాబ్దంలో పెన్షన్లు, జీతాలు కోతపడ్డా సీనియారిటీ వరస మాత్రం చాలావరకు నిలబడింది, ఎందుకంటే కంపెనీకి దాన్ని కొట్టేయడం వల్ల మిగిలేది తక్కువ. కార్మికులకి విలువైనదీ కంపెనీకి చౌకైనదీ అదే కాబట్టి, బేరంలో జీతాలకి బదులు సీనియారిటీ రక్షణలు ఇచ్చి పంపించడం తేలిక. సీనియర్లు ఈ సంగతి గమనించాలి.

డెల్టా ఎయిర్‌లైన్స్ ర్యాంప్ యూనియన్ లేని పెద్ద ఉదాహరణ. 2008లో నార్త్‌వెస్ట్ ఎయిర్‌లైన్స్ అందులో కలిసినప్పుడు అక్కడి ర్యాంప్ వాళ్ళకి మెషినిస్ట్స్ యూనియన్ ఉండేది. 2010 ఎన్నికలో ఉమ్మడి ఫ్లీట్ సర్వీస్ (ర్యాంప్ పని విభాగం) ఉద్యోగులు యూనియన్ వద్దని ఓటేశారు. ఈ చట్టం కింద స్టేషన్ల వారీగా యూనియన్ పెట్టుకోవడం కుదరదు, దేశమంతా ఉన్న ఒకే రకం పనివాళ్ళు కలిసి ఒకే ఓటు. డెల్టాలోనూ సీనియారిటీ వరసలుంటాయి, జీతాలూ యూనియన్ ఉన్న కంపెనీలకి పోటీగానే ఉంటాయి. యూనియన్ చందా కట్టకుండా అదే వస్తుంటే యూనియన్ ఎందుకని అక్కడివాళ్ళు కొందరు అడుగుతారు, ఆ మాటని తీసిపారేయలేం. కానీ బార్నెట్ కేసులో కోర్టు చూపిన తేడా ఇక్కడ గుర్తుకు రావాలి. పాలసీ మారిన రోజున ఆర్బిట్రేటర్ ముందుకి తీసుకెళ్ళడానికి సంతకం చేసిన కాగితం ఒకటి ఉండాలి.

అడుగున ఉన్నవాళ్ళ మీద ఈ పద్ధతి వేసే బరువు నిజమైనది, దాన్ని 'మేమూ అలాగే పైకొచ్చాం' అని కొట్టిపారేయడం సరికాదు. పై మెట్టుకి చేరడానికి పట్టే కాలం తగ్గించడం, బలవంతపు ఓవర్‌టైమ్‌కి హద్దు పెట్టడం, షిఫ్టుల మార్పిడిని కాపాడటం, ఇవి సీనియారిటీని ముట్టుకోకుండానే చేయొచ్చు. చర్చల గదిలో జూనియర్ల గొంతు తక్కువ ఉంటుంది, ఇంకా చేరనివాళ్ళ గొంతు అసలు ఉండదు. 1983లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ యూనియన్లతో రెండంచెల స్కేలుకి ఒప్పందం చేసుకుంది. ఉన్నవాళ్ళ జీతం పదిలం, కొత్తగా చేరేవాళ్ళకి మాత్రం బాగా తక్కువ, దాన్నే బి స్కేలు అన్నారు. ఓటేసినవాళ్ళలో ఒక్కరికీ దెబ్బ తగల్లేదు కాబట్టి నెగ్గింది. కంపెనీ ఆ చవక జీతాలతో వేగంగా పెరిగి వేలమందిని చేర్చుకుంది. అదే పని, అదే విమానం, పక్కపక్కన నిలబడ్డవాళ్ళకి వేరే జీతం. కొన్నేళ్ళకి జాబితాలో బి స్కేలు వాళ్ళ వాటా పెద్దదైంది, ఓట్లు వాళ్ళవయ్యాయి, 1980ల చివరికి ఆ తేడా పూడ్చడమే యూనియన్ల ముందున్న ప్రధాన డిమాండ్లలో ఒకటైంది.